ఊరి భారతం నుంచి పాల బాస దాకా: తంతులు, ఆటలు మనుషుల్ని ఎలా కలుపుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ఎక్కడో ఒకచోట భారతం జరుగుతూనే ఉంటుంది. సాధారణంగా 18 రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరికి అగ్నిగుండం. నేను అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగాను. పట్నాల్లో పెరిగిన మా బంధువుల పిల్లలు, వేరే ప్రాంతాల మిత్రులు ఏళ్ళ తరబడి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి. మా ఊరి భారతంతో మొదలుపెట్టి, ఇతరుల పండుగల దాకా నాకు తెలిసినంత చెబుతాను.

తంతు వేరు, ప్రదర్శన వేరు కదా? రెండింటినీ కలిపి ఎందుకు మాట్లాడుతున్నారు?

పట్నంలో వేరే. గుడిలో పూజ ఒకటి, టికెట్టు కొని చూసే నాటకం మరొకటి. పల్లెలో ఆ గీత అంత తేలికగా దొరకదు. వస్త్రాపహరణం ఆడే రాత్రి, దుశ్శాసనుడి వేషం కట్టిన నటుడు ద్రౌపది చీర మీద చెయ్యి వేయడానికి ముందు ఆమెకు కర్పూర హారతి ఇచ్చి దణ్ణం పెట్టుకుంటాడు. ద్రౌపది వేషంలో ఉన్నది మగవాడని అందరికీ తెలుసు. పొద్దున అతను టీ అంగడి దగ్గర బీడీ కాల్చుకుంటూ కనిపించాడు కూడా. అయినా ఆ హారతి వెలిగే క్షణంలో ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు లేచి నిలబడతారు. అది నాటకమా, పూజా అని వాళ్ళను అడిగితే ప్రశ్నే అర్థం కాదు.

అసలు ఈ భారతం ఎలా జరుగుతుంది?

ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో జరుగుతుంది. తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ద్రౌపది అమ్మవారి గుళ్ళ దగ్గర జరిగే ఉత్సవాలూ ఇదే కోవకు చెందినవి. సరిహద్దుకు అటూ ఇటూ భాష మారుతుంది గానీ కథ నడిచే తీరు ఒక్కటే. మధ్యాహ్నం హరికథకుడు ఆ రోజు ఘట్టం చెబుతాడు. రాత్రి అదే ఘట్టాన్ని వీధి నాటకం వాళ్ళు తెల్లవార్లూ ఆడతారు. సుభద్ర కల్యాణం, కీచక వధ, కృష్ణ రాయబారం, అభిమన్యుడి చావు, కర్ణ మోక్షం. అంటే ఊరు కథను ముందు వింటుంది, తరువాత చూస్తుంది. కొన్ని ఘట్టాలనైతే తానే చేస్తుంది.

ఆ మూడోదే అసలు విషయం. బకాసుర వధ నాడు బండి కట్టి, దాని మీద అన్నం కుంభంగా పోసి ఊరంతా తిప్పుతారు. ప్రతి ఇంటి నుంచీ అందులో ఏదో ఒకటి పడాలి. అర్జునుడి తపస్సు నాడు తాడి మాను అంత పొడవున్న స్తంభం నాటుతారు. దాని పేరు తపసు మాను. అర్జునుడి వేషధారి భుజానికి సంచి తగిలించుకుని, మెట్టు మెట్టుకీ ఒక పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ బోర్లా పడుకుని ఉంటారు.

చిన్నప్పుడు నేను మా అమ్మమ్మ పక్కన నిలబడి చూసిన తపస్సు ఒకటి ఇంకా కళ్ళ ముందే ఉంది. ఎండ నడినెత్తిన. పైన అర్జునుడి గొంతు బొంగురుపోయింది, పద్యం మధ్యలో ఆగింది. కింద ఉన్న హార్మోనియం ఆయన ఆ శ్రుతిని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వందల మంది ఊపిరి బిగబట్టారు. తరువాత గుంపులోంచి ఎవరో ఆ పద్యం మిగతా పాదం అందుకున్నారు, మరొకరు గొంతు కలిపారు, పైనున్న మనిషి మళ్ళీ అందుకున్నాడు. చివరికి పైనుంచి విభూది, మారేడు ఆకులు, నిమ్మకాయలు రాలాయి. ఒక నిమ్మకాయ మా అమ్మమ్మ కొంగులో పడింది. ఆమె దాన్ని ఇంటికి తెచ్చుకోలేదు. నేల మీద పడుకున్న ఒక కొత్త కోడలి చేతిలో పెట్టేసింది. ఆ అమ్మాయిది మా కులం కాదు, మా వీధి కూడా కాదు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ అమ్మాయి మా అమ్మమ్మను అమ్మా అనే పిలిచేది.

17వ రోజు రాత్రి నాటకం దుర్యోధన వధ దాకా సాగి, తెల్లవారేసరికి ఆట మైదానంలోకి వస్తుంది. అక్కడ మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. పది, ఇరవై బారల పొడవు, రంగులు పూసిన ముఖం, కోర మీసం. తొడలో ఎర్రనీళ్ళ కుండ దాచి ఉంచుతారు. దుర్యోధనుడి వేషధారి ఆ బొమ్మ మీదకు ఎక్కి పరిగెడుతుంటే భీముడు తరుముతాడు. గద తొడకు తగిలి కుండ పగలగానే ద్రౌపది ఆ ఎరుపును జుట్టుకు రాసుకుని, ఇన్నాళ్ళూ విరబోసుకున్న కురులు ముడి వేసుకుంటుంది. జనం ఒక్కసారిగా బొమ్మ మీద పడి ఆ మట్టిని పిడికెడు తీసుకుపోతారు. మా ఇంట్లో దాన్ని వడ్ల గాదెలో వేసేవారు. సాయంత్రం కంకణం కట్టుకున్నవాళ్ళు నిప్పుల గుండం దాటుతారు. మరునాడు ధర్మరాజు పట్టాభిషేకం.

మరి ఇందులో మనుషుల్ని కలిపేది ఏది? భక్తే కదా?

భక్తి ఉంటుంది. కానీ కలిపేది అదొక్కటే అని నేను అనుకోను. భక్తి ఇంట్లో దేవుడి గూటి ముందు ఒంటరిగా కూడా కుదురుతుంది. నా దృష్టిలో కలిపేది వంతు.

మా వైపు ఉత్సవంలో ఒక్కో రోజు ఖర్చును ఒక్కో కుటుంబమో, ఒక్కో వీధో, ఒక్కో కులమో మోస్తుంది. దాన్ని ఉభయం అంటారు, మోసేవాళ్ళు ఉభయదారులు. డబ్బుతో ఆగదు. గుండానికి కట్టెలు తోలేది ఒకరు, బొమ్మకు మట్టి తొక్కేది ఒకరు, మేళం ఒకరిది, కాగడా ఒకరిది, నాటకం వాళ్ళకు అన్నం పెట్టేది ఒకరు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రాత్రి కథ ముందుకు కదలదు. పొలం గట్టు తగాదాతో ఏడాదిగా మాటలు లేని ఇద్దరు అన్నదమ్ములను తీసుకోండి. ఒకరి ఉభయం పదో రోజు, మరొకరిది పదకొండో రోజు. పదో రోజు రాత్రి మిగిలిన నూనె డబ్బా, పందిరి లెక్క రెండోవాడికి అప్పజెప్పాలి. అప్పజెప్పాలంటే ఒక్క మాటైనా మాట్లాడాలి. వాళ్ళకు ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టిందని నేను చెప్పను. కానీ మాట మొదలవుతుంది. చాలాసార్లు అదే చాలు.

దీని గురించి పండితులు ఏమంటారు?

ఫ్రాన్సుకు చెందిన సమాజ శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో ప్రచురించిన గ్రంథంలో, ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి ఇతరులు సేకరించిన సమాచారం ఆధారంగా ఒక మాట చెప్పాడు. చెదిరి బతికే జనం ఒకచోట చేరి, కలిసి పాడి, కలిసి అడుగు వేసినప్పుడు వాళ్ళలో ఒక పొంగు పుడుతుంది. విడివిడిగా ఎవరికీ లేని బలం అది. ఆ బలాన్నే వాళ్ళు దైవంగా గుర్తిస్తారు. తరువాత జాంబియాలో ఎన్‌డెంబు ప్రజల మధ్య పనిచేసిన విక్టర్ టర్నర్, తంతు నడిచే కాసేపు హోదాలు పక్కకు తొలగి మనుషులు సాటి మనుషులుగా ఎదురుపడతారని అన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. కర్ణ మోక్షం రాత్రి అరుగుల మీద కూర్చున్న పెద్దరైతూ, కింద కూర్చున్న కూలీ ఒకే చోట కన్నీళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అయితే పొంగు తెల్లవారితే చల్లారుతుంది. అరుగు అరుగుగానే, కింద కిందగానే ఉంటుంది. అందుకే పొంగు కన్నా వంతు మీదే నాకు ఎక్కువ నమ్మకం. అది మరుసటి ఏడాదికి కూడా బాకీ ఉంచుతుంది.

నిప్పులు తొక్కేది కొందరే. చూస్తూ నిలబడిన వాళ్ళకు ఒరిగేది ఏమిటి?

ఇది చాలామంది అడుగుతారు. దీనికి స్పెయిన్ దేశంలోని ఒక పల్లె మంచి జవాబు ఇచ్చింది. సొరియా ప్రాంతంలోని సాన్ పెద్రో మన్రికె అనే చిన్న ఊళ్ళో ఏటా జూన్ 23 రాత్రి నిప్పుల మీద నడుస్తారు. చాలామంది ఒక మనిషిని వీపున మోసుకుంటూ నడుస్తారు. చూడటానికి ఆ ఊరి జనాభాకు ఎన్నో రెట్లు జనం వస్తారు. పరిశోధకులు నడిచేవాళ్ళకూ, చూసేవాళ్ళలో కొందరికీ గుండె వేగాన్ని కొలిచే పరికరాలు కట్టారు. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. నడిచేవాడి గుండె ఎలా ఎగసి పడిందో, చూస్తున్న అతని బంధుమిత్రుల గుండె కూడా దాదాపు అదే తీరున ఎగసి పడింది. ఒకచోట కదలకుండా నిలబడి ఉన్నా సరే. వాళ్ళతో సంబంధం లేని యాత్రికుల్లో ఆ పోలిక కనిపించలేదు.

మారిషస్‌లో తైపూసం నాడు తమిళులు ఒంటికి శూలాలు గుచ్చుకుని కావడి మోస్తారు. అక్కడ జరిపిన మరో అధ్యయనంలో, మామూలు ప్రార్థన తరువాత కన్నా కావడి తరువాత జనం గుడికి ఎక్కువ విరాళం ఇచ్చారని తేలింది. ఆ కావడి వెంట నడిచినవాళ్ళు కూడా, మోసినవాళ్ళకు తీసిపోకుండా ఇచ్చారు.

ఈ రెండూ చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. మామయ్య గుండం దాటే సమయానికి ఆమె ఎప్పుడూ నా చెయ్యి పట్టుకునేది. గోళ్ళు దిగేవి. ఆయన అవతలి ఒడ్డు చేరాక గానీ వదిలేది కాదు.

నిప్పుల మీద కాళ్ళు కాలవా?

బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది, పాదం దాని మీద ఉండేది క్షణకాలం. అందుకే చాలామంది దాటగలుగుతారు. కానీ కాలినవాళ్ళు ఉన్నారు, పడిపోయినవాళ్ళు ఉన్నారు. కంకణం కట్టుకోకుండా, గుండం వేసేవాళ్ళ మాట వినకుండా ఉత్సాహంతో దిగవద్దు. పిల్లలను ఎత్తుకుని అసలే దిగవద్దు.

వేరు వేరు మతాల వాళ్ళను ఒక తంతు కలపగలదా?

కలిపిన ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో ఉన్నాయి. పీర్ల పండుగ చూడండి. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమామ్ హుసేన్‌ను తలచుకునే రోజులు అవి. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని పల్లెల్లో సైతం పీర్ల చావిడి ఉంటుంది, పీర్లను ఎత్తుకునేది హిందువులే. ఊదు పొగ, దట్టీలు, చక్కెర చదివింపులు, గుండం చుట్టూ ఎగిరే ఆట. ఇవన్నీ అన్ని కులాల వాళ్ళవీ. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామిని దర్శించుకోవడానికి మొహర్రం రోజుల్లో లక్షల్లో జనం వస్తారు. స్వామి పేరు మీద పుట్టిన కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు ఆ ప్రాంతంలో ఇంటింటా ఉంటారు.

ఇక్కడ కూడా కలిపింది మత సామరస్యం గురించిన ఉపన్యాసం కాదు. ఫాతెహా ప్రార్థన చదవడానికి పీర్ల సేవ చూసే ముజావరు కావాలి, గుండం తవ్వడానికి మరొకరు కావాలి, డప్పుకు ఇంకొకరు. ఒకరి వంతు లేకపోతే మరొకరి మొక్కు తీరదు.

ఒక కులానికి మరో కులం కథ చెప్పే ఆచారం ఉందంటారు. అది ఏమిటి?

తెలంగాణలో ఇది ఇంకా బతికి ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేది డక్కలి వారు, యక్షగానం ఆడేది చిందు వారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగల వారు. వీరిలో పలువురు చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పొడవాటి పటాన్ని విప్పుతూ, బొమ్మ బొమ్మకూ కథ చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్ళలో చెప్పాలో మిరాశీ, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు, ఉంటుంది. వాళ్ళు అడిగేది భిక్ష కాదు, హక్కు.

ఆ కథలో ఏముంటుంది? ఆ కులం ఎలా పుట్టింది, దాని మూలపురుషుడు ఎవరు, లోకానికి అది ఏమి ఇచ్చింది అన్నది ఉంటుంది. ఊరు తక్కువ చేసి చూసే మనిషికి, నీ తాత లోకం పుట్టక ముందే ఉన్నాడని చెప్పే కథ అది. జాంబవంతుడి కథ అదే చెబుతుంది. తమ చరిత్రను తాము రాసుకోనివ్వని సమాజంలో, దాన్ని గుర్తుపెట్టుకునే పనిని ఒక కుటుంబానికి తరతరాలుగా అప్పగించారు. ఇది ఎంత పెద్ద ఏర్పాటో మనకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. ఊళ్ళలో మిరాశీ మరిచిపోయిన వాళ్ళకు దాన్ని గుర్తుచేసే పని మాత్రం మిగిలే ఉంది.

ప్రేక్షకులు లేని ప్రదర్శన ఉంటుందా?

బతుకమ్మ. తంగేడు, గునుగు, కట్ల, బంతి పేర్చి మధ్యలో పెట్టి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటారు. వలయానికి ముందు వరుస, వెనుక వరుస ఉండవు. పాట రానివాళ్ళు కూడా రెండో చుట్టుకు కలిసిపోతారు. ఎంగిలి పూల నుంచి సద్దుల దాకా 9 రోజులు, అత్తవారింటి నుంచి వచ్చిన ఆడపిల్లలు పుట్టింటి వీధిలో ఆడతారు. ఆ పాటల్లో అత్తింటి కష్టాలు, చనిపోయిన చెల్లెళ్ళు, కరువులు ఉంటాయి. ఒక్కతే కూర్చుని చెప్పుకోలేని దుఃఖం, పది మందితో కలిసి పాడితే నోటికి వస్తుంది.

లక్షల మంది చేరే జాతరలో బంధం పలచబడదా?

మేడారం వెళ్ళి చూస్తే ఆ సందేహం తీరుతుంది. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో రెండేళ్ళకు ఒకసారి నాలుగు రోజులు జరిగే జాతర అది. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెచ్చేది కోయ పూజారులు, సారలమ్మను కన్నెపల్లి నుంచి తెచ్చేదీ వారే. విగ్రహం లేదు. జనం ఎంత పెరిగినా ఆ వంతు వారి చేతుల్లోనే ఉంది. వచ్చినవాళ్ళు ఊరి ఊరిగా, ఇంటి ఇంటిగా గుడారాలు వేసుకుని వండుకుంటారు. నిలువెత్తు బెల్లం తూచి సమర్పిస్తారు, దాన్ని బంగారం అంటారు. ఇంటికి తెచ్చిన బంగారాన్ని ముక్కలు చేసి వీధంతా పంచితే గానీ ప్రయాణం ముగిసినట్టు కాదు.

కొత్తవాళ్ళను తమలో కలుపుకునే తంతులు ఉన్నాయా?

న్యూజిలాండ్ మావోరీల పోఫిరి అందుకు చక్కని ఉదాహరణ. అతిథులు ప్రాంగణం గుమ్మం దగ్గర ఆగాలి. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది, అతిథుల వైపు స్త్రీ బదులు పలుకుతుంది. చనిపోయిన పెద్దలను ఇరువైపులా తలచుకుంటారు. ప్రసంగం, పాట అయ్యాక ముక్కుకు ముక్కు ఆనించి ఊపిరి పంచుకుంటారు. తరువాత కలిసి భోజనం. అది తిన్నాకే అతిథి పరాయివాడు కాకుండా పోతాడు.

ఇవన్నీ మంచివేనా? తంతులు మనుషుల్ని విడదీయవా?

విడదీస్తాయి. దీన్ని దాచి పైవన్నీ చెప్పడం న్యాయం కాదు. వంతు అన్నది కాదనే హక్కు లేని చోట వెట్టి అవుతుంది. చావుకు, చాటింపుకు డప్పు కొట్టడాన్ని మాదిగల మీద ఊళ్ళు తరతరాలుగా రుద్దాయి. డప్పు కావాలి గానీ కొట్టేవాడు గుడిలోకి రాకూడదు. ఆడపిల్లలను దేవతకు అర్పించి ఊరి పాలు చేసిన జోగిని ఆచారం కూడా తంతు పేరుతోనే సాగింది. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చేయవలసి వచ్చింది. అలాంటి వంతులు పోవలసినవే. అదే డప్పు 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంలో ఆత్మగౌరవానికి గుర్తు అయింది. కర్ర అదే, చర్మం అదే. కొట్టేవాడు తన ఇష్టంతో కొట్టాడు.

ఊరికీ ఊరికీ మధ్య కూడా ఇంతే. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళు కర్రలతో తలపడతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒక పక్షం. వాళ్ళు ముందుగా పాలు ముట్టుకుని బాస చేస్తారు. ఆ పాల బాసతో మూడు ఊళ్ళూ పాత కక్షలు పక్కన పెట్టి ఒక్కటవుతాయి. ఒక్కటయ్యేది ఎదుటి ఊళ్ళతో తలపడటానికి. ఏటా తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. పాల బాస నాకు ఎంతో ఇష్టమైన ఆచారం. అది కర్రలు లేకుండా సాగే రోజు రావాలని కోరుకునే వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ సంగతి?

ఎక్కడ వంతులు పంచుకున్నారో అక్కడ నిలిచింది. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి మారిషస్ వెళ్ళిన తెలుగువారి వారసులు చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష మారిపోయింది. అయినా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరి పండుగ చేసుకుంటారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. పాట మాత్రం తెలుగులోనే ఉంది.

ఫోనులో చూడటం గురించి కూడా అడుగుతారు. చూడండి, తప్పు లేదు. చూసి ఊరుకోకుండా ఒక ఉభయంలో పేరు రాయించుకోండి. బెంగళూరులో, చెన్నైలో పనిచేసే మా ఊరి కుర్రాళ్ళు గుండం నాటికి బస్సెక్కి రావడానికి ఎక్కువగా అదే కారణం.

భారతం చూడాలంటే ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

తేదీలు ఊరి ఊరికీ మారతాయి. పుత్తూరు వైపు గానీ, చిత్తూరు చుట్టుపక్కల గానీ ఎండాకాలంలో బస్టాండు దగ్గర గోడ పత్రికలు చూస్తే తెలుస్తుంది. ఒక్క రోజే వీలైతే దుర్యోధన వధ నాడు తెల్లవారక ముందే చేరండి. మైదానంలో బొమ్మ తల వైపు కాకుండా కాళ్ళ వైపు నిలబడితే తొడ మీద దెబ్బ బాగా కనిపిస్తుంది. కుండ పగిలాక జనం తోసుకొస్తారు, ముసలివాళ్ళనూ పిల్లలనూ పక్కన ఉంచండి. తపసు మాను కింద పడుకున్న స్త్రీలను ఫోటోలు తీయకండి. చందా పుస్తకం ఎవరి దగ్గర ఉందో అడిగి ఎంతో కొంత రాయించండి, నాటకం వాళ్ళకు విడిగా ఇవ్వండి. వీలైతే పట్టాభిషేకం దాకా ఉండండి. ఆ రోజుకు బయటి జనం వెళ్ళిపోతారు. చల్లారిన గుండంలో బూడిద ఎత్తుతూ, పందిరి విప్పుతూ, వచ్చే ఏడు బకాసురుడి బండి ఎవరిది, కట్టెలు ఎవరివి అని ఊరివాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు.